ఇరుగు పొరుగు గృహస్థ సంఘములు: ఒక చారిత్రక పరిశీలన

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దల సామెత. ఇల్లు కట్టుటలోని కష్టమును చెప్పిన ఆ సామెత, కట్టిన ఇంట కాపురముండుటలోని కష్టమును గూర్చి ఏమియు చెప్పలేదు. గోడ లేచును, కప్పు పడును, గృహప్రవేశము జరుగును. కాని కుళాయిలోనికి నీరు ఎక్కడనుండి వచ్చును, పెరటి మురుగు ఎక్కడికి పోవును, వీధిదీపము ఎవరు వెలిగింతురు, చెత్త ఎవరు ఎత్తుదురు అను ప్రశ్నలకు ఏ గృహస్థుడును తన సావడిలో కూర్చుండి ఒంటరిగా సమాధానము చెప్పలేడు. అందువలననే ఇండ్ల యజమానులు ఒకచోట చేరి సంఘములు పెట్టుకొనిరి. ఒక ఇంటికి చేతకానిది నూరిండ్లకు చేతనగునని వారి విశ్వాసము.

ఆ విశ్వాసము కొంతవరకే నిజము. కావలివానిని నియమించుటకు, పార్కులో చెట్లు నాటుటకు, ఉమ్మడి మెట్లదారికి సున్నము వేయించుటకు ఒక కాలనీ సంఘము చాలును. నీటిగొట్టమో, మురుగు కాల్వయో, రహదారియో, విద్యుత్తు తీగయో ఆ కాలనీ ప్రహరీగోడ యొద్ద ఆగదు. ఎగువ కాలనీ వదలిన మురుగు దిగువ కాలనీకి చేరును. ఒక కాలనీ గేటు మూసినచో బండ్లన్నియు ప్రక్క కాలనీ వీధిని పడును. ఒక ఇంటివాడు ఒంటరిగా నిస్సహాయుడైనట్లే, ఒక సంఘమును ఒంటరిగా నిస్సహాయమగును. ఈ విషయమును గ్రహించి పొరుగు సంఘముతో చేయి కలిపినవారి చరిత్ర మన దేశమున కలదు. గ్రహింపక చేతులు కాల్చుకొన్నవారి చరిత్రయు కలదు. ఈ రెంటిని ఒకచో చేర్చి చూచుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ప్రాచీన సభలు

పలువురు కూడి సమష్టిగా పనిచేయుట మన నేలకు క్రొత్తది కాదు. కృష్ణా డెల్టాలోని భట్టిప్రోలు స్తూపమున దొరకిన రాతి పేటికలపై క్రీస్తుకు పూర్వపు శతాబ్దములనాటి లేఖనములు కలవు. అందు గోష్ఠులు, నిగమ సభ్యులు పేర్కొనబడిరి. కుబేరకుడను రాజు ఒక గోష్ఠికి ప్రముఖుడుగా కనిపించును. ఒకటికి మించిన గోష్ఠులు ఒకే స్తూపమునకు దానములు చేసిన సంగతి ఆ పేటికల వలన తెలియుచున్నది. తెలుగు నేలపై లభించిన అతి ప్రాచీన లేఖనములలో కొన్ని ఇట్లు సంఘముల లేఖనములే యగుట గమనింపదగినది.

ఇండ్ల యజమానుల సభ యను విషయమున మరింత స్పష్టమైన సాక్ష్యము తమిళదేశములోని ఉత్తరమేరూరున కలదు. మొదటి పరాంతక చోళుని కాలమున, క్రీ. శ. 919, 921 సంవత్సరములలో ఆ గ్రామసభ చేసికొన్న కట్టుబాట్లు అచ్చటి ఆలయపు గోడలపై చెక్కబడియున్నవి. ఊరు 30 కుడుంబులుగా, అనగా పేటలుగా, విభజింపబడెను. ప్రతి పేటవారును అర్హుల పేర్లు తాటాకు ముక్కలపై వ్రాసి కుండలో వేయుదురు. లోపల నేమున్నదో యెరుగని బాలుని చేత ఒక్కొక్క ఆకు తీయింతురు. ఇట్లు పేటకొకరు వంతున 30 మంది ఎన్నికగుదురు. వారిలో 12 మంది సంవత్సర వారియమునకు, 12 మంది తోట వారియమునకు, 6 మంది చెరువు వారియమునకు నియుక్తులగుదురు. వారి పదవి 360 దినములు.

ఇందు రెండు విషయములు మన ప్రస్తుతాంశమునకు ముఖ్యములు. మొదటిది: చెరువు ఒక పేటది కాదు. ముప్పది పేటలనుండి ఎన్నికైన వారిలోనుండియే చెరువును చూచువారు ఏర్పడిరి. పేట తన మనిషిని పంపును గాని, ఊరి నీటిపై పేటకు వేరు పెత్తనము లేదు. రెండవది: సభ్యత్వమునకు గల అర్హతలు. వయస్సు 35 ఏండ్లకు పైబడి 70 ఏండ్లకు లోబడి యుండవలెను. పన్ను చెల్లించు భూమి పావు వేలికి మించి కలిగియుండవలెను. సొంత స్థలమున కట్టుకొన్న ఇంట నివసింపవలెను. వేదజ్ఞానము వలయును. లోగడ వారియములలో పనిచేసి లెక్కలు అప్పగింపనివాడును, వాని దగ్గరి చుట్టములును పనికిరారు. గత మూడేండ్లలో పదవియందున్నవాడును పనికిరాడు.

లెక్కల విషయమున ఆ సభ చూపిన కాఠిన్యము నేటి సంఘములకు సయితము ఆదర్శప్రాయము. కాని అది బ్రాహ్మణ గ్రామ సభ. సొంత ఇల్లు, సొంత భూమి గలవారి సభ. ఆ చెరువు పూడిక తీసిన కూలికి, ఆ తోటకు నీరు పెట్టిన పాలేరునకు ఆ కుండలో పేరు లేదు. ఈ గుణమును, ఈ దోషమును గూడ ఇండ్ల యజమానుల సంఘములు వేయి సంవత్సరముల తరువాతను వారసత్వముగా మోయుచునే యున్నవి.

ఊరికి ఊరికి నడుమ గల బంధమునకు తెలుగునాట గొలుసుకట్టు చెరువులు మంచి నిదర్శనము. కాకతీయుల కాలమున విస్తరించిన ఈ పద్ధతిలో ఎగువ చెరువు నిండి అలుగు పోసినచో ఆ నీరు దిగువ చెరువును చేరును. ఎగువ ఊరివారు అలుగు నెత్తు పెంచినచో దిగువ ఊరి పొలములు ఎండును. ఎగువ కట్ట తెగినచో దిగువ ఊరు మునుగును. ఆయా ఊళ్ళలో నీటిని పంచుటకు నీరటివారు, చెరువు మరమ్మతునకు దశబంధ మాన్యములు ఉండెడివి. గొలుసులోని ఏ చెరువును తనంత తాను క్షేమముగా నుండలేదను సత్యము ఆ ఊళ్ళవారికి పుస్తకములు చదువకయే తెలియును. ఈ గొలుసును పాఠకులు జ్ఞాపకమున నుంచుకొనవలెను. దీనితో మరల పనిపడును.

మొహల్లాల గేట్లు, ఉమ్మడి కాలువ

గ్రామములనుండి నగరమునకు వచ్చినచో, ఢిల్లీ నగరమే ఈ విషయమున గొప్ప పాఠశాల. షాజహాను చక్రవర్తి 1639లో ప్రారంభించి 1648 నాటికి ప్రవేశించిన షాజహానాబాదు నగరము మొహల్లాలు, కూచాలు, కట్రాలుగా ఏర్పడెను. పలు వీధులకు ఫాటకములు, అనగా పెద్ద తలుపులు, ఉండెడివి. రాత్రివేళ వానిని మూసి కావలివానిని నిలిపెడివారు. ఫాటక్ హబష్‌ఖాన్, కట్రా నీల్, కూచా పాతీరామ్ మున్నగు పేర్లు నేటికిని పాత ఢిల్లీలో వినవచ్చును. నేటి కాలనీల ఇనుప గేట్లు ఆ ఫాటకముల సంతతియే.

తలుపులు వేరైనను నీరు ఒక్కటియే. అలీ మర్దాన్‌ఖాను పర్యవేక్షణలో తెచ్చిన యమునా కాలువ కోటలోనికిని, చాందినీచౌకు నడుమనుండియు ప్రవహించెను. పదునెనిమిదవ శతాబ్దమున మొగలాయి ప్రభుత్వము శిథిలమైనపుడు ఆ కాలువ పూడిపోయెను. ఏ మొహల్లా కావలివాడును దానిని కాపాడలేకపోయెను. 1820 ప్రాంతమున ఆంగ్లేయులు దానిని త్రవ్వించి మరల నీరు పారించిరి. తలుపు మూసి దొంగను ఆపవచ్చును గాని, ఊరి బయట పూడిన కాలువను తలుపు మూసి బాగుచేయలేము. ఢిల్లీ చరిత్రలోని ఈ చిన్న ఘట్టము తరువాతి కథకంతకును సూచికవంటిది.

సహకారోద్యమము

నేటి గృహస్థ సంఘములకు సన్నిహితమైన వంశమూలము సహకారోద్యమమున కలదు. 1896లో బొంబాయిలోను, 1898లో బెంగుళూరులోను ప్రబలిన ప్లేగు మన నగరముల ఇరుకుతనమును బట్టబయలు చేసెను. బెంగుళూరున బసవనగుడి, మల్లేశ్వరము పేటలు ఆ ఉపద్రవము వలననే వెలసినవి. బొంబాయిలో 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడెను. విశాలమైన వీధులు, గాలి వచ్చు ఇండ్లు కావలెనను కోరిక మధ్యతరగతివారిలో బలపడెను. ఒక్కొక్కరికి అంత ధనము లేదు. పదిమంది కలిసినచో కలదు.

1904 నాటి సహకార చట్టము పరపతి సంఘములకు మాత్రమే దారి చూపగా, 1912 నాటి చట్టము ఇతర సంఘములకును తావిచ్చెను. బెంగుళూరున 1909లోనే గృహనిర్మాణ సహకార సంఘమొకటి వెలసెను. బొంబాయిలో గామ్‌దేవి ప్రాంతమున 1915లో సారస్వత సహకార గృహనిర్మాణ సంఘము ఏర్పడెను. దాని వెనుకనున్నవాడు రావు బహద్దూరు తల్మకీ. ఆయన చేసిన పనులలో గమనింపదగిన విశేషమొకటి కలదు. సారస్వత సంఘమునకు రెండేండ్ల ముందే, 1913లో, బొంబాయి కో-ఆపరేటివ్ హౌసింగ్ అసోసియేషన్ అను సంస్థ వెలసెను. ఇండ్లు కట్టుట దాని పని కాదు. ఇండ్లు కట్టుకొనదలచిన సంఘములకు దారి చూపుట, ఆ యుద్యమమును ప్రచారము చేయుట దాని పని.

అనగా బొంబాయిలో సంఘములు పుట్టి పెరిగి తరువాత కలిసినవి కావు. కలయవలెనను బుద్ధి ముందు పుట్టెను, సంఘములు తరువాత పుట్టినవి. ఒక సంఘము నేర్చిన పాఠము రెండవ సంఘమునకు ఉచితముగా అందవలెను. ఒకరు పడిన గోతిలో మరియొకరు పడరాదు. పొరుగు సంఘములతో సంబంధము పెట్టుకొనుటలోని మొదటి ప్రయోజనము ఇదియే. దేశవ్యాప్తముగా ఇట్టి సంఘములకు జాతీయ సహకార గృహనిర్మాణ సమాఖ్య 1969లో ఏర్పడెను.

ఢిల్లీ కాలనీలు

1947లో దేశవిభజన జరిగినపుడు లక్షలాది కాందిశీకులు ఢిల్లీ చేరిరి. వారికొరకు రాజేంద్రనగరు, పటేల్‌నగరు, లాజ్‌పత్‌నగరు మున్నగు కాలనీలు వెలసినవి. సర్వము కోల్పోయి వచ్చినవారికి ఇల్లనునది కేవలము ఆస్తి కాదు. మరల బ్రతుకు మొదలిడుటకు ఆధారము. ఒకవైపు కేంద్ర ప్రభుత్వోద్యోగులకు సర్కారు క్వార్టర్లు పెరుగుచుండెను. కాని క్వార్టరు ఉద్యోగమున్నంత వరకే. పదవీ విరమణ దినము సమీపించిన కొలది, తలదాచుకొన ఇల్లెక్కడ యను చింత ప్రతి గుమాస్తాను, ప్రతి అధికారిని వెంటాడెడిది. ఆ చింతనుండియే ప్రభుత్వోద్యోగుల గృహనిర్మాణ సహకార సంఘములు పుట్టినవి. నేటి వసంతవిహారము అట్టి సంఘము వలన వెలసినదే. న్యాయవాదులకు నీతిబాగు, పత్రికా రచయితలకు గుల్‌మొహర్ పార్కు ఈ విధముగనే ఏర్పడినవి.

ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ 1957 నాటి చట్టముచే ఏర్పడెను. 1961లో ప్రభుత్వము నగరపు భూములను పెద్ద యెత్తున సేకరించి, అభివృద్ధి చేసి పంచు విధానమును ప్రకటించెను. అందు సహకార సంఘములకు ప్రత్యేక స్థానము లభించెను. 1962లో మొదటి మాస్టరు ప్లాను అమలులోనికి వచ్చెను. తరువాతి దశాబ్దములలో స్థలములు చాలక, మేడపై మేడగా ఫ్లాటులు కట్టు సామూహిక గృహ సంఘములు పట్‌పర్‌గంజ్ ప్రాంతమునను, అటుపిమ్మట ద్వారకయందును బారులు తీరినవి.

ఈ సంఘముల నిర్మాణములోనే ఒక బలము, ఒక బలహీనత కలవు. ఒకే కార్యాలయము, ఒకే వృత్తి లేక ఒకే ప్రాంతమునకు చెందినవారు సభ్యులగుటచే లోపల పరిచయము, విశ్వాసము హెచ్చు. ప్లాటు చేతికి వచ్చువరకు ఏండ్ల తరబడి ఓర్పుతో నిలువగలుగుట ఆ విశ్వాసము వలననే. కాని ప్రహరీకి ఆవల నున్నవారు అపరిచితులైరి. వసంతవిహారము ప్రక్కనే మునీర్కా గ్రామము కలదు. సౌత్ ఎక్స్‌టెన్షను ప్రక్కనే కోట్లా ముబారక్‌పూరు కలదు. గ్రేటర్ కైలాసము నడుమ జమ్రూద్‌పూరు కలదు. ఈ గ్రామముల పొలములే ప్లాటులైనవి. ఆ కాలనీలలో పనిచేయువారు, దుకాణములు నడుపువారు, అద్దెకుండువారు పలువురు ఆ గ్రామములలోనే నివసింతురు. కాలనీ సంఘమునకు పొరుగు కాలనీ సంఘము కొంత దూరము. పొరుగు గ్రామము మరింత దూరము.

ఇండ్లు కట్టుట ముగిసిన పిదప, పలు కాలనీలలో 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టము క్రింద నివాసుల సంక్షేమ సంఘములు, అనగా రెసిడెంట్స్ వెల్ఫేర్ అసోసియేషన్లు, ఏర్పడినవి. కావలి, పార్కు, వీధిదీపములు, పండుగలు, ఇవియే చాలకాలము వాని కార్యక్రమము. అంతకు మించిన పని పడినపుడు కార్యదర్శి ఒక అర్జీ వ్రాసి కార్పొరేషను కార్యాలయమునకు పోవును. ప్రక్క కాలనీ కార్యదర్శియు అదే గొట్టమును గూర్చి, అదే కిటికీ యొద్ద, మరియొక అర్జీతో నిలిచియుండును. ఇద్దరికిని పరిచయముండదు. బారాపుల్లా నాలా దక్షిణ ఢిల్లీలోని అనేక కాలనీల నీటిని చేర్చుకొని యమునలో కలియును. ఆ నాలాను గూర్చి ఒక్కొక్క సంఘము తన హద్దులోని భాగమును మాత్రమే మూయుమనియో, శుభ్రపరచుమనియో కోరినచో, జరుగునది దుర్గంధమును క్రింది కాలనీకి త్రోయుటయే గదా!

ఒకే బల్ల చుట్టు

1993 జూన్ 1న అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ నగరపాలనలో వార్డు కమిటీలకు స్థానము కల్పించెను. అయినను గృహస్థ సంఘములకు ప్రభుత్వముతో నేరుగా మాటలాడు అవకాశము విరివిగా కలిగినది 2000వ సంవత్సరమున. ఆ యేట ముఖ్యమంత్రి షీలా దీక్షిత్ ప్రభుత్వము ‘భాగీదారీ’ యను కార్యక్రమమును ప్రారంభించెను. దీనిలో పెద్ద సదస్సులు జరిపి, నివాసుల సంఘముల ప్రతినిధులను, కార్పొరేషను, జలబోర్డు, విద్యుత్తు, పోలీసు శాఖల అధికారులను ఒకే బల్ల చుట్టు కూర్చుండబెట్టిరి.

ఆ బల్లల వలన ప్రభుత్వము ఉద్దేశించిన ఫలము కొంత కలిగెను. ఉద్దేశింపని ఫలము అంతకంటె పెద్దది. అర్జీలతో వేరు వేరుగా తిరిగిన కార్యదర్శులు ఒకరికొకరు తెలిసిరి. తన కాలనీకి మాత్రమే కలదనుకొన్న నీటి యెద్దడి, తన వీధికి మాత్రమే వచ్చినదనుకొన్న అధిక బిల్లు అందరికిని కలవని వారు గ్రహించిరి. అదివరకే, 2001లో, ఢిల్లీకి ప్రత్యేకముగా సమాచార హక్కు చట్టము వచ్చెను. కాగితములు చూచు హక్కు, పొరుగువారి పరిచయము, ఈ రెండును కలిసినచో గుమాస్తా కిటికీ యొద్ద నిలిచిన అర్జీదారు పౌరుడగును.

దీనికి పరీక్ష 2005లో వచ్చెను. ఢిల్లీ విద్యుత్ బోర్డు 2002 జూలైలో విభజింపబడి పంపిణీ ప్రైవేటు యాజమాన్యమునకు పోయెను. 2005లో గృహ వినియోగదారుల రేట్లు సుమారు 10 శాతము పెరిగినవి. అంతకుముందే క్రొత్త మీటర్లు వేగముగా తిరుగుచున్నవను ఫిర్యాదులు నగరమంతట నుండెను. ఒక కాలనీ బిల్లు చెల్లింపనని చెప్పినచో తీగ తెగును. అనేక కాలనీలు ఒకే మాట చెప్పినచో? సంఘములు సంయుక్త వేదికగా ఏర్పడి, పాత రేటు మేరకు చెల్లించి పెంపును మాత్రము చెల్లింపరాదని నిశ్చయించినవి. ఇది వీధిపోరాటములకు అలవాటుపడినవారి ఉద్యమము కాదు. పింఛనుదారులు, ఉపాధ్యాయులు, గృహిణులు, చిన్న వర్తకులు అందు పాల్గొనిరి. స్వల్పకాలములోనే ఆ పెంపు గృహస్థులపై పడకుండ ప్రభుత్వము ఏర్పాటు చేయవలసివచ్చెను. అదే యేడు ప్రపంచ బ్యాంకు సహాయముతో జలబోర్డు తలపెట్టిన సంస్కరణ పథకమునకును గట్టి ప్రతిఘటన కలిగెను. సమాచార హక్కు ద్వారా బయటికి వచ్చిన కాగితములు దానికి ఆధారములైనవి. ఆ పథకమును ప్రభుత్వము విరమించెను.

ఈ విజయములను చెప్పి ఊరకుండుట చరిత్రకు న్యాయము కాదు. మరుసటి యేడే ఆ కూటమికి చీలికలు కనబడినవి. 2006లో సర్వోన్నత న్యాయస్థానపు ఆజ్ఞ మేరకు నివాస గృహములలో నడుచు దుకాణములకు సీళ్ళు వేయుట ప్రారంభమయ్యెను. కొన్ని సంఘములు దానిని స్వాగతించినవి: వీధులలో బండ్ల రద్దీ తగ్గునని వారి ఆశ. క్రింది అంతస్తున దుకాణము పెట్టుకొని జీవించు గృహస్థులకు అది పిడుగుపాటు. ఇద్దరును ఒకే కాలనీలో ఇంటి యజమానులే, ఒకే సంఘమున సభ్యులే. 2007 ఫిబ్రవరిలో ప్రకటింపబడిన మాస్టరు ప్లాను కొన్ని వీధులలో మిశ్రమ వినియోగమునకు చోటిచ్చెను. విద్యుత్తు బిల్లు అందరికిని ఒకే తీరున వచ్చును గనుక అందరును కలిసిరి. దుకాణపు లాభనష్టములు ఒకే తీరున రావు గనుక విడిపోయిరి. కూటమి యనునది స్నేహముమీద కంటె సమానమైన అవసరముమీద నిలుచునని దీనివలన తెలియుచున్నది.

అంతకంటె ముఖ్యమైన లోపము మరియొకటి. భాగీదారీ సదస్సులలో తొలుత చోటు లభించినది ప్రభుత్వ ఆమోదము పొందిన కాలనీల సంఘములకే. అనధికార కాలనీలవారు, గుడిసెవాసులు బల్ల యొద్దకు రాలేదు. నగర జనాభాలో వారు గొప్ప భాగము. నీటి యెద్దడిని ఎక్కువగా అనుభవించువారును వారే. కాలనీలలో సయితము పలు సంఘములు ఓటుహక్కును యజమానులకే ఉంచి, అద్దెదారులను దూరముగా నుంచినవి. ఉత్తరమేరూరు కుండలో సొంత ఇల్లు లేనివాని ఆకు లేనట్లే, ఈ బల్ల యొద్ద పట్టా లేనివానికి కుర్చీ లేదు. 2013 చివర ప్రభుత్వము మారినపిదప భాగీదారీయు అంతరించెను. ప్రభుత్వము వేసిన బల్లను ప్రభుత్వమే తీసివేయగలదు. తమంత తాము పరిచయము నిలుపుకొన్న సంఘములు మాత్రమే నిలిచినవి.

ఇతర నగరముల అనుభవము

మదరాసులో 1989లో ఎం. బి. నిర్మల్ ప్రారంభించిన ఎక్స్‌నోరా ఉద్యమము వీధిని మూలముగా తీసికొనెను. ఒక వీధిలోని కుటుంబములు నెలకు కొంత చందా వేసికొని, మూడు చక్రముల బండితో ఇంటింట చెత్త నెత్తుటకు ఒకనిని నియమించుకొనిరి. ‘వీధిని అందగించువాడు’ అను అర్థము గల పేరుతో వానిని పిలుచుట ఆ ఉద్యమపు సంస్కారము. వీధులు శుభ్రపడినవి. కాని ఎత్తిన చెత్తను ఎచ్చట వేయవలెను? తన వీధి చెత్తను ప్రక్క వీధి మలుపున పోసినచో అది శుభ్రత కాదు. కనుక వీధి సంఘములు పరస్పరము మాటలాడుకొనక తప్పలేదు. బొంబాయిలో ఘాట్‌కోపర్‌లోని జోషీ లేను నివాసులు ఆరంభించిన ఇట్టి ప్రయత్నమే 1997లో నగరపాలక సంస్థ వారి స్థానిక నిర్వహణ పథకమునకు మాతృక యయ్యెను. 2016 నాటి ఘనవ్యర్థ నియమములు తడి, పొడి చెత్తలను వేరుచేయు బాధ్యతను నివాసుల సంఘములపైనను ఉంచినవి.

హైదరాబాదు అనుభవము తెలుగువారికి మరింత దగ్గరిది. ఇచ్చటను జూబిలీహిల్స్ మొదలు సైనిక్‌పురి వరకు అనేక కాలనీలు సహకార సంఘముల వలననే వెలసినవి. 1987 నాటి అపార్టుమెంట్ల చట్టము, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము ఫ్లాటుల యజమానులకు సంఘముగా ఏర్పడుటకు దారి చూపినవి. కాని ఈ నగరము గొలుసుకట్టు చెరువుల నేలపై పెరిగినది. చెరువు శిఖములలో ఇండ్లు లేచినవి. అలుగు నీరు పారు వాగులు సన్నని నాలాలైనవి. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద వేలకొలది ప్రాణములను గొనిపోయెను. దాని తరువాత ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలాశయములు కట్టిరి. నదిని కట్టడి చేసినను చెరువుల గొలుసును మరచిరి.

2020 అక్టోబరు 13, 14 తేదీలలో ఒక్క రోజులోనే కొన్ని చోట్ల 30 సెంటీమీటర్లకు పైగా వాన కురిసెను. ఆ వారములోనే బాలాపూరు గుర్రము చెరువు కట్ట తెగి, దిగువనున్న పాతబస్తీ వాడలలోనికి నీరు పోటెత్తెను. నీటికి కాలనీ పేరు తెలియదు. ఏ సంఘము రిజిస్టరైనదో, ఏది కాలేదో తెలియదు. కాకతీయుల కాలపు రైతు ఎరిగిన సత్యమును, ఎగువవాని కట్టయే దిగువవాని ప్రాణమను సత్యమును, నగరవాసి నడుములోతు నీట నిలిచి మరల నేర్చుకొనవలసివచ్చెను.

చరిత్ర చెప్పునది

ఈ వేయేండ్ల అనుభవమును ఒక్కచో చేర్చి చూచినచో కొన్ని విషయములు తేటపడును. పొరుగు సంఘముతో పరిచయము కష్టము వచ్చినపుడు మొదలిడునది కాదు. 2005లో సంఘములు కలియగలిగినవన్నచో, అయిదేండ్ల ముందునుండి ఒకే బల్ల యొద్ద కూర్చుండుటచేతనే. ఏడాదికొకసారి పొరుగు కాలనీ కార్యదర్శిని సర్వసభ్య సమావేశమునకు పిలుచుట, ఆ కాలనీ సమావేశమునకు పోవుట, ఉభయుల నాలా, ఉభయుల నీటిగొట్టము ఎచ్చట కలియునో చూపు పటమొకటి ఉంచుకొనుట, కావలివానికి, ట్యాంకరుకు ఎవరెంత చెల్లించుచున్నారో ఒకరికొకరు తెలిపికొనుట, ఇవి చిన్న పనులు. తల్మకీ తరమువారు చేసినది ఇట్టి పనియే.

కూటమికి ఒక నిర్దిష్టమైన పని యుండవలెను. చెరువు, బిల్లు, నాలా, చెత్త, ఇట్టి చేతికందు విషయముపై కలిసినవారు నిలిచిరి. అన్నిటికిని కలుపుదమనుకొన్నవారు ఎన్నికల పదవులకై కలహించి చెదరుట తరచు కన్నులారా చూచునదే. లెక్కలు బహిరంగముగా నుండవలెను. లెక్క చెప్పనివానిని, వాని చుట్టములను గూడ దూరముంచిన ఉత్తరమేరూరు సభ కాఠిన్యము అతిశయోక్తిగా తోచవచ్చును. ఇతరుల డబ్బు, ఇతరుల నమ్మకము చేతిలోనున్నపుడు ఆ మాత్రపు కాఠిన్యము తప్పదు.

అన్నిటికంటె ముఖ్యమైనది, పొరుగు అను మాటకు అర్థమును ఇంటి పట్టాతో ముడివేయరాదు. అద్దెకున్నవాడును అదే నీరు త్రాగును. ప్రక్క గ్రామమువాడును అదే నాలా ఒడ్డున నివసించును. గుడిసెలోనివాడును అదే వరదకు ఎదురు నిలుచును. మొదట మునుగువాడును అతడే. వారిని విడిచి యజమానులు మాత్రమే చేరిన కూటమి ఒక పెద్ద ప్రహరీగోడ మాత్రమగును, పొరుగు కాదు.

సొంత ఊరు విడిచి దూరపు నగరములలో ఉద్యోగము చేయు తెలుగువారికి ఈ మాట తేలికగా బోధపడవలెను. బదిలీపై వచ్చి క్రొత్త చోట దిగిన రాత్రి, సామానులు విప్పకముందే పాలగిన్నెతోనో, మంచినీళ్ళ బిందెతోనో వచ్చి తలుపు తట్టిన పొరుగువారిని వారెరుగుదురు. ఆ వచ్చినవారు ఏ భాషవారని గాని, సొంత ఇంటివారా అద్దెయింటివారా యని గాని ఆనాడెవరును అడుగలేదు. ఒక ఇల్లు మరియొక ఇంటికి చేయు ఆ మర్యాదను ఒక సంఘము మరియొక సంఘమునకు చేయుట నేర్చిననాడు మన నగరములు నివాసయోగ్యములగును.